నూనె కాగేదాకా

"కంగ్రాట్స్ స్పందనా! నీ స్టాంపు వచ్చేసింది" అంటూ క్వాలిటీ హెడ్ హృషికేశ్ సార్ అగ్గిపెట్టెంత డబ్బీ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టే సమయానికి టెస్ట్ బెంచీలోని నూనె ఇంకా ఇరవై తొమ్మిది డిగ్రీల దగ్గరే ఉంది. డబ్బీలో ఇరవై మూడో నంబరు రబ్బరు ముద్ర. నాచారంలోని ఈ షాపులో చిన్న విమానాల ప్రొపెల్లర్ గవర్నర్లను విప్పి, కడిగి, బిగించి, పరీక్షించి పంపుతారు. పంపే ప్రతిదాని కాగితం మీదా ఒక ముద్ర పడాలి, అది పడితే తప్ప ఆ వస్తువు ఆకాశానికి పనికిరాదు. అయిదేళ్లుగా పని ఆమెది, ముద్ర ఉమాపతి సార్‌ది. "రేపు పదింటికి అందరి ముందూ నీ మొదటి ముద్ర. స్వీట్లు నా తరఫున" అని, అదే గుక్కలో, గొంతు కొంచెం తగ్గించి, "ఉమాపతి గారు ఒప్పేసుకున్నారమ్మా. చూడకుండా ముద్ర వేశాను, తప్పు నాదే అని రాసిచ్చారు. ఎంక్వైరీ అయిపోయింది. రేపట్నుంచి ఆయన రారు" అన్నాడు హృషికేశ్ సార్. బెంచీ మీదున్న గవర్నర్ వైపు గడ్డంతో చూపించాడు. "తిరిగొచ్చిన యూనిట్ అదేగా. ఒకసారి తిప్పి, వచ్చిన రీడింగు రాసిచ్చేయ్, ఫైలు మూసేద్దాం. ఆ విమాన సంస్థ వాళ్లకున్నవే రెండు విమానాలు. ఒకటి నేల మీద కూర్చుంది, రెండోదే రోజూ పొద్దున ఆరున్నరకి లేచి ట్రిప్పులన్నీ కొడుతోంది పాపం." ఆమె "థాంక్యూ సార్" అంది. నోరు దానంతటదే అంది. ఆయన వెళ్లాక ఆ మాట గదిలోనే ఉండిపోయింది, గాజు గ్లాసు కింద పెట్టినప్పటి చప్పుడులాగా.

నూనె కాగాలి. ఈ పనిలో మొదటి మాట అదే. అరవై అయిదు డిగ్రీలు అయ్యాకే తిప్పాలి, తిప్పాకే రీడింగు చూడాలి. బెంచీ కింది హీటరు పాతది, దానికి గంట పడుతుంది. ఒక గంట. నాలుగయింది, అయిదుకల్లా అవుతుంది. ఆరుకు శశిధర్ ఉప్పల్ స్కైవాక్ మెట్ల దగ్గర నిలబడతాడు, చేతిలో రెండు హెల్మెట్లతో, ఒకటి తనది, ఒకటి ఆమెది. ఆమె హెల్మెట్ పట్టీ ఆయనే పెడతాడు, గడ్డం కింద ఆ క్లిప్పు టక్కున పడే చప్పుడు కోసం ఆమె రోజంతా ఎదురుచూస్తుంది, పెళ్లయి ఏడు వారాలు, ఇంకా ఎదురుచూస్తుంది. ఇద్దరూ ఆ గుండ్రటి వంతెన మీద ఒక చుట్టు తిరుగుతారు, కింద బస్సులు, పైన మెట్రో, మధ్యలో తాము. ప్రదక్షిణ అంటాడాయన. ఏ దేవుడికి అంటే సిటీ బస్సుకు అంటాడు. అప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే పంటి కింద రాయి పడ్డట్టుంది. ముప్పై ఒకటి. సూది కదులుతోందో లేదో తెలియదు, అయినా చూస్తూనే ఉండాలి, పాలు పొయ్యి మీద పెట్టినట్టు.

విప్పి చూస్తే గవర్నర్ ఎంతది, పిడికిలంత. ఇంజను దాన్ని తిప్పుతుంది. లోపల రెండు చిన్న బరువులు, తిరిగే కొద్దీ బయటికి విచ్చుకుంటాయి, గిరగిరా తిరిగే పిల్ల లంగా విచ్చుకున్నట్టు. వాటి నెత్తిన ఒక స్ప్రింగు, విచ్చుకోవద్దని నొక్కుతుంది. ఆ రెండింటి మధ్య సన్నటి వాల్వు. వేగం ఎక్కువైతే బరువులు గెలుస్తాయి, వాల్వు పైకి లేస్తుంది, ప్రొపెల్లర్ మూలంలో ఉన్న నూనె బయటికి జారుతుంది, రెక్కలు వాలు పెంచుకుని గాలిని ఎక్కువ అందుకుంటాయి, ఆ బరువుకు నెమ్మదిస్తాయి. వేగం తగ్గితే స్ప్రింగు గెలుస్తుంది, నూనె లోపలికి పోతుంది, రెక్కలు వాలు తగ్గించుకుని తేలికపడతాయి. పైలట్ ఎంత శక్తి తోసినా, విమానం ఎక్కినా దిగినా, తిరిగే వేగం మాత్రం ఒక్కటే. కొత్త కాపురంలో మొదటిసారి ఉప్మా కలుపుతూ శశిధర్‌కు ఇదే చెప్పింది, పీర్జాదిగూడ అద్దె వాటాలో, పక్క బిల్డింగులో రాళ్లు కోసే మిషను రొదలో గొంతు పెంచి. గరిటె పలకగా పట్టుకుంటే బరువు, అంచున పట్టుకుంటే తేలిక, చెయ్యి తిప్పే వేగం మారకుండా ఉండాలంటే గరిటె వాలు మారుతూ ఉండాలి, ఆ వాలు మార్చేవాడే గవర్నర్. ఆయన శ్రద్ధగా విని, గిన్నెలోకి చూసి, "అంటే నీ ఉప్మాకు గవర్నర్ లేకనే గిట్ల ఉండలు కట్టిందన్నట్టు" అన్నాడు. మౌలాలిలో రైల్వే ఇంజనీరు, రైలు పట్టాల మీదనే పోతుంది, వాలు గీలు దానికి తెలియదు. ఆ ఉండల ఉప్మా ఇద్దరూ తిన్నారు, గిన్నె నాకినంత పని చేశారు. అప్పటికి ఈ గవర్నర్ ఆకాశంలో ఉంది. ఆమె ఉప్మా గురించి నవ్వుతున్నప్పుడు అది పైన ఎక్కడో తిరుగుతూ ఉంది, ఆమె చేతి నుంచి వెళ్లింది, ఆమె అబద్ధం కడుపులో పెట్టుకుని.

ముప్పై ఆరు. గోళ్ల చివర గోరింటాకు ఇంకా ఉంది. అరచేతుల్లోది ఎప్పుడో పోయింది, గోళ్లలోది మాత్రం నెలవంకల్లాగా పైకి జరుగుతూ వస్తోంది, కత్తిరించుకున్న ప్రతిసారీ సన్నబడుతోంది. నిన్నటి దాకా ఆ ఎరుపు ముద్దుగా ఉండేది, బస్సులో కడ్డీ పట్టుకుని దాన్నే చూసుకుంటూ వచ్చేది. ఆ ఎరుపు కోసమే కదా. పెళ్లి సెలవు పెట్టే ముందు చివరి రోజు, సాయంత్రం అయిదింటికి ఉప్పల్‌లో గోరింటాకు పెట్టే అమ్మాయి దగ్గర టైము తీసుకుంది. చెల్లెలు కావ్య రెండుసార్లు ఫోన్ చేసింది, "అక్కా, ఆమెకు ఇంక మూడు చేతులు పెట్టేదున్నదట, నువ్వొస్తవా నీ టైము వేరేటోళ్లకు ఇచ్చుకొమ్మంటవా?" నాలుగున్నరైంది. నూనె నలభై ఒకటి దగ్గర ఉంది. ఇంకో అరగంట. చిక్కటి నూనెలో వాల్వు బద్ధకంగా కదులుతుంది, ఆ బద్ధకం చూస్తే నిలకడలాగే కనిపిస్తుంది, వేగం సూది కదలకుండా నిలబడుతుంది, ఆహా ఎంత బాగా కుదిరింది అనిపిస్తుంది. ఆమె హీటరు ఆపి తిప్పింది. సూది నిలబడింది. స్క్రూ అక్కడే బిగించి, తీగ మెలిపెట్టి, సీలు వేసి, కాగితం మీద నూనె వేడి అనే గడిలో అరవై అయిదు అని రాసింది. గుండ్రటి అక్షరాలతో, తీరికగా రాసినట్టు. ఉమాపతి సార్ బల్ల మీద పెడితే ఆయన కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. "పెండ్లిపిల్లను ఆపితే పాపం తలుగుతది, పో బిడ్డా" అని ముద్ర గుద్దాడు. ఆమె పరిగెత్తింది. చేతులు ఎర్రగా పండాయి. మొగుడు బాగా ప్రేమిస్తాడని అందరూ అన్నారు. ప్రేమించాడు కూడా. అదే కదా చేదు, ఏదీ తప్పిపోలేదు, అన్నీ పండాయి.

నలభై ఒకటి. ఆ అంకె దగ్గర సూది ఒక నిమిషం ఆగినట్టనిపించింది, ఎదురుగా నిలబడి గుర్తుపట్టినట్టు. తొమ్మిది రోజుల కిందట కబురొచ్చినప్పుడు కూడా ఆమె ఇదే స్టూలు మీద ఉంది, డబ్బా తెరిచి దొండకాయ కూర చూసుకుంటోంది, శశిధర్ డబ్బాలోనూ ఇదే కూర ఉంటుంది, ఒంటి గంటకు ఇద్దరూ ఒకే కూర తింటారు, ఎంత దూరంలో ఉన్నా, దానికే ఆమెకు ఒళ్లంతా సంబరం. విమానం లేచిన పదకొండు నిమిషాలకే తిరిగి దిగిందట. పద్నాలుగు మంది. ప్రొపెల్లర్ ఒక వేగం మీద నిలబడలేదు, పెరుగుతూ తగ్గుతూ, పెరుగుతూ తగ్గుతూ ఊగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు అని ఆ రోజు ఎన్నిసార్లు అనుకుందో. ఏమీ కాలేదు కాబట్టి చెప్పనక్కర్లేదు, రేపు చెప్పొచ్చు, ఎల్లుండి చెప్పొచ్చు, శశిధర్‌కు ముందు చెప్పి తరవాత సార్‌కు చెప్పొచ్చు. శశిధర్‌కు చెప్పలేదు. ఆయన ఆమె గురించి వాళ్ల ఆఫీసులో "మా ఇంటామె విమానాలు లేపుతది" అని చెప్పుకుంటాడు. ఎంక్వైరీలో పిలిచి అడిగినప్పుడు, "నువ్వు టెస్టు చేసినప్పుడు అంతా మామూలుగానే ఉందా?" అన్నారు, "ఉంది సార్" అంది. రెండు మాటలు. నూనె వేడిని గీసే పాత మిషను ఒకటి బెంచీ పక్కనే ఉంటుంది, కాగితం చుట్ట మీద పెన్ను గీత గీస్తూ పోతుంది, గీసిన కాగితం కింది ట్రేలో మడతలు మడతలుగా పడుతుంది, ఆ చీటీ చింపి టెస్టు కాగితానికి గుచ్చాలి. ఆ రోజు చీటీ ఫైల్లో లేదు. "చీటీ లేకుండా ఎలా ముద్ర వేశారండీ ఉమాపతి గారూ?" అంటే ఆయన తల వంచుకుని "తప్పే" అన్నాడట. ఆ రోజు చీటీ చింపిందో లేదో ఆమెకు గుర్తు లేదు. ఆ రోజు బెంచీ మీద ఇంకేం చేసిందో కూడా గుర్తు లేదు. రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది. రిజిస్టరు వెనక అలమరలోనే ఉంది, నీలం అట్ట. తొమ్మిది రోజులుగా అలమర వైపు వీపు పెట్టే కూర్చుంటోంది.

వెనక తలుపు చప్పుడయింది. చూడకుండానే తెలిసింది, ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచే అడుగు. ఉమాపతి సార్, చేతిలో బట్టసంచీ. ఎయిర్‌ఫోర్సులో పదిహేనేళ్లు, ఈ షాపులో పంతొమ్మిది. కాప్రా నుంచి స్కూటరు మీద వస్తాడు, వానాకాలంలో అన్నపూర్ణమ్మ గారు చేసిన మక్క గారెలు కాగితంలో చుట్టి తెచ్చి, "మీ ఆంటీ నీకే పంపింది, ఆ దొంగ ముఖాలకు పెట్టకు" అని ఆమె సొరుగులో పెడతాడు. ఆయనే ఆమెకు తీగ మెలిపెట్టడం నేర్పాడు, స్ప్రింగును గోటితో మీటి వినడం నేర్పాడు. నూనె మొత్తం పోతే ఏమవుతుంది సార్ అని మొదటి నెలలో అడిగితే, చెయ్యి చాపి అరచెయ్యి పక్కకు తిప్పి చూపించాడు, "గిట్ల అయితది. అంచు గాలికి పెడ్తది. ఇంక కొట్లాడదు. గాలి పోయేది పోతది, రెక్క ఊకె నిలబడ్తది." ఇప్పుడు సొరుగులోంచి గాజు గ్లాసు, కళ్లద్దాల పెట్టె, పాత బనీను గుడ్డ తీసి సంచిలో వేసుకుంటున్నాడు. ఆమె లేచి నిలబడింది. ఆయనే బెంచీ వైపు చూశాడు.

"ఎంతైంది నూనె?"

"నలభై ఎనిమిది సార్."

"ఆగు అయితే. తొందరేముంది ఇప్పుడు." సంచీ ముడి వేశాడు. "స్టాంపు వచ్చిందట గద. మంచిదాయె."

"సార్, మీరు ఎందుకు గట్ల రాసిచ్చిన్రు?"

"ఏమని రాయాలె? పిల్ల కాగనిదాన్ని కాగిందని రాసింది, ముసలోడు కండ్లద్దాలు పెట్టుకోకుండ గుద్దిండు అని రాయాలెనా? గుద్దింది నేనే గద. ముద్ర గుద్దినోడు చూసినట్టే లెక్క." ఆయన నవ్వబోయాడు, రాలేదు. "నీ మీద కోపం లేదనుకుంటున్నవా? మస్తుంది. తొమ్మిది రోజులాయె, నువ్వు నోరు తెరుస్తవేమో అని చూస్తున్న. పొద్దున వస్తవ్, గుడ్ మార్నింగ్ సార్ అంటవ్, గాజులు చప్పుడు చేసుకుంట కూసుంటవ్."

ఆమెకు చెవులు మండాయి. అంతా తెలుసు ఈయనకు. ఎప్పటి నుంచి తెలుసు. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బెంచీ అంచున పెట్టాడు. పసుపు రంగు చీటీ, మధ్యలో నీలం గీత.

"నువ్వు పోయిన మూడో నాడు మిషన్లనే దొరికింది. చింపకుండ పోయినవ్. చూసే వరకు వస్తువు పోయింది, విమానానికి ఎక్కింది. ఆ రోజే నీ పెండ్లి. అక్షింతలు వేసినప్పుడు నా జేబుల ఉండె ఇది."

పందిట్లో ఆయన వచ్చిన తీరు గుర్తొచ్చింది. తెల్ల చొక్కా, పక్కన అన్నపూర్ణమ్మ గారు. కానుక కింద తన ఎయిర్‌ఫోర్సు నాటి తీగ మెలితిప్పే పట్కారు ఎర్ర కాగితంలో చుట్టి ఇచ్చాడు. పెళ్లికి పట్కారు ఏందని చుట్టాలు నవ్వారు, ఆమె మాత్రం దాన్ని గుండెకు హత్తుకుంది, ఫొటో కూడా ఉంది. ఫొటోలో ఆయన ఎటో చూస్తున్నాడు. జేబు మీద చెయ్యి ఉంది. ఆ ఫొటో ఎన్నిసార్లు చూసింది, ఎంత అమాయకంగా ఉన్నాడో సార్ అని శశిధర్‌కు చూపించింది కూడా.

"మరి ఎందుకు చెప్పలేదు సార్ అప్పుడే?"

"చెబ్దామనే వచ్చిన. నువ్వు నవ్వుకుంట కూసున్నవ్ పీటల మీద. ఆ ముఖం చూసి…" ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "దాని మీద ఇంకో గవర్నర్ ఉంటది గద, వేగం మితిమీరితే అది పట్టుకుంటది అనుకున్న. ఏందంటవ్? ఇన్నేండ్ల సంది పిల్లలకు నేనే చెప్తున్న, రెండోదాని మీద భరోసా పెట్టుకుని మొదటిదాన్ని వదలొద్దురా అని. నేనే పెట్టుకున్న. అది గీత దాటితేనే లేస్తది. గీత కింద ఊగుతుంటే దానికేం ఫికర్? సప్పుడు చేయదు." చీటీని వేలితో ఆమె వైపు జరిపాడు. "ఇదే ఉన్నది ఒక్కటి. చింపితే నీ స్టాంపు నీకుంటది, నేను సోయిలేని ముసలోన్ని అయి పోత. పెడితే నీది పోతది, నేను దాచిపెట్టినోన్ని అయిత. ఏదైనా నాకు ఇల్లే. నీ ఇష్టం." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "హీటరు కింది నట్టు వదులైంది, నూనె కారుతది, చూసుకో" అన్నాడు. ఎడమకాలి అడుగు కారిడార్ పొడవునా వినిపించి ఆగిపోయింది.

యాభై రెండు. కిటికీలోంచి పక్క ఫ్యాక్టరీ వాళ్లు మిరపకాయలు దంచే ఘాటు వస్తోంది, రోజూ నాలుగున్నర దాటాక వస్తుంది, కళ్లు మండితే ఎవరూ ఎందుకని అడగరు, మంచిదే. ఆమె ఆయన మీద నమ్మకం పెట్టుకుంది, ఆయన చూసుకుంటాడులే అని. ఆయన రెండో గవర్నర్ మీద పెట్టుకున్నాడు, అది చూసుకుంటదిలే అని. పైలట్ వీళ్లందరి మీద. పద్నాలుగు మంది ఆ పైలట్ మీద. ఒకరి నెత్తి మీద ఒకరు నిలబడి, కింద ఎవరున్నారని ఎవరూ చూడలేదు, కింద ఉన్నది ఒక గడిలో గుండ్రంగా రాసిన అంకె. చింపెయ్యొచ్చు. హీటరు కింద కారిన నూనె తుడిచిన గుడ్డతో పాటు డబ్బాలో పడేస్తే సాయంత్రానికి పోతుంది. ఆయనే అన్నాడు నీ ఇష్టమని. ఆయనకు ఎలాగూ ఏడాదిలో రిటైర్మెంటు. తనకు ముందు ముప్పై ఏళ్లున్నాయి. ఛీ, ఏం లెక్క ఇది, ఎవరి గొంతు ఇది, తన గొంతే, ఉప్మా ఉండల గురించి నవ్విన గొంతే. ఫోను వెలిగింది. శశిధర్. "స్టాంపమ్మకు వందనాలు. మీ సార్ స్టేటస్ల పెట్టిండు, చూసిన. అజ్మీరీ కలాకంద్ తీసుకుంటున్న, చెంగిచెర్ల మామోళ్లకు సుత చెప్పిన, ఆదివారం భోజనానికి వస్తమన్నరు." కింద చప్పట్ల బొమ్మలు, వరసగా పదకొండు. ఆమె లెక్కపెట్టింది. పదకొండు నిమిషాలు.

చీటీ విప్పింది. ఒక మడత. గీత కింద నుంచి మెల్లగా ఎక్కుతూ వచ్చి నలభై ఒకటి దగ్గర బల్లపరుపుగా సాగింది, అక్కడ పెన్సిలుతో చిన్న అడ్డగీత, పక్కన ఈ యూనిట్ నంబరులోని చివరి మూడంకెలు, తన రాతే. ఆయన విప్పింది ఇక్కడి దాకే, మడత ముద్ర ఇక్కడే గట్టిపడి ఉంది, మిగతా రెండు మడతలు కొత్తగా ఉన్నాయి, ఎవరూ తెరవనట్టు. ఇంకో మడత విప్పింది. గీత సాగుతూనే ఉంది. నలభై రెండు. అక్కడ ఇంకో అడ్డగీత. పక్కన మూడంకెలు. వేరే మూడంకెలు. తన రాతే, ఇంకొంచెం వంకరగా, ఇంకొంచెం తొందరగా.

రెండో యూనిట్.

ఎలా మరిచిపోయింది. మరిచిపోలేదు, మరిచిపోవడం వేరు, ఇది వేరు, ఇది అలమరకు వీపు పెట్టి కూర్చోవడం. కావ్య రెండోసారి ఫోన్ చేసినప్పుడు బెంచీ మీద ఉన్నది రెండోది, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కి పట్టుకుని స్క్రూ బిగించింది, "వస్తున్ననే తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అంటూ. అయిపోయింది అని రెండుసార్లు అనడం కూడా గుర్తొచ్చింది ఇప్పుడు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఉమాపతి సార్ బల్ల మీద పెట్టింది, ఆయన టక్ టక్ అని రెండుసార్లు గుద్దాడు, ఆ రెండు చప్పుళ్లు ఏడు వారాలుగా ఎక్కడికి పోయాయి. లేచి అలమర తెరిచింది. నీలం అట్ట. ఆ తేదీ. ఆ మూడంకెలు. పంపిన చోటు అదే సంస్థ. బిగించింది రెండో విమానానికి. పాపం, ట్రిప్పులన్నీ అదే కొడుతోంది, రోజూ పొద్దున ఆరున్నరకి లేచి. ఈ పొద్దున కూడా లేచి ఉంటుంది. ఆమె బస్సు కోసం ఉప్పల్‌లో నిలబడి గోళ్లు చూసుకుంటున్నప్పుడు ఎవరో పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, అదిగో చూడు ఫ్యాను ఎలా తిరుగుతుందో అని చూపించి ఉంటారు. తొమ్మిది రోజులు. తొమ్మిది పొద్దులు. ఉమాపతి సార్ నీ ఇష్టం అన్నది ఒక్కదాని గురించి. ఆయనకు ఇది తెలియదు. ఆయన ఒక మడత విప్పి ఆగిపోయాడు, ఆయన జాలి అంత దూరమే పోయింది. ఇందులో తన ఇష్టం అనేది ఇంక మిగల్లేదు. పెళ్లి నాడు అందరూ ఒక్కటే మాట అన్నారు, ఇక నీ చేతుల్లోనే ఉంది ఆ ఇల్లు అని. ఏ చేతులు. ఇవే.

అరవై అయిదు.

సూది నిలబడింది. ఆమె మోటారు వేసింది. బెంచీ వణికి, సద్దుకుని, పాట అందుకుంది. వేగం పెంచింది. నిలబడాల్సిన చోట గవర్నర్ నిలబడలేదు. ఊఁ అని ఎక్కింది, హూఁ అని దిగింది, మళ్లీ ఊఁ అని ఎక్కింది. వేగం సూది నిమిషానికి ఎనభై చుట్లు అటూ ఇటూ ఊగుతోంది. ఈ ఊగుడుకు షాపులో హంటింగ్ అంటారు, వేట. దేన్ని వేటాడుతుందో దానికే తెలియదు, దొరకవలసిన వేగం దాని పక్కనుంచే జారిపోతూ ఉంటుంది. పలచబడ్డ నూనెలో వాల్వు ఇప్పుడు చురుగ్గా ఉంది, నిజం చెబుతోంది, ఆ రోజు ఇంకో అరగంట ఆగి ఉంటే ఆ రోజే చెప్పేది. ఆమె మూడుసార్లు తిప్పింది, మూడుసార్లూ ఊగింది, మూడు రీడింగులూ రాసింది. నూనె వేడి అనే గడిలో అరవై అయిదు అని రాసింది. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు. దాని కింద, కారణం అనే గడిలో, మొదటి పరీక్షప్పుడు నూనె నలభై ఒకటి, అరవై అయిదని రాసింది నేను అని రాసి పేరు రాసింది. పసుపు చీటీ పూర్తిగా విప్పి, రెండు అడ్డగీతలూ కనిపించేలా, కాగితానికి గుచ్చింది. పిన్ను వేలికి గుచ్చుకుంది, ఏమీ అనిపించలేదు. రబ్బరు ముద్ర డబ్బీ మూత తెరవకుండానే పక్కన పెట్టింది. ఫోను తీసింది. శశిధర్ పేరు పైన ఉంది, పదకొండు చప్పట్లతో. దాన్ని దాటి కిందికి జరిపి హృషికేశ్ సార్‌కు చేసింది.

"అయిపోయిందా రీడింగు?" వెనకాల ఎవరితోనో నవ్వుతున్నాడు.

"అయిపోయింది సార్. హంటింగ్ ఉంది. నేను కాగని నూనెల పెట్టి తిప్పిన సార్ ఆ రోజు. వేడి నేనే తప్పు రాసిన. ఉమాపతి సార్ కాదు. చీటీ దొరికింది."

నవ్వు ఆగింది. "చీటీ ఎక్కడ దొరికింది?"

గారెల కాగితం గుర్తొచ్చింది, ఆ దొంగ ముఖాలకు పెట్టకు. "ఆయన దగ్గర ఉండె సార్. ఆయన సుత చెప్పలే. ఇద్దరం చెప్పలే."

అటువైపు తలుపు వేసిన చప్పుడయింది. తరవాత నెమ్మదిగా, లాలిస్తున్నట్టు, "చూడు స్పందనా, స్టేటస్ కూడా పెట్టేశాను. ఎవరికీ ఏం కాలేదు కదా. రేపు మాట్లాడుకుందాం. ఈ రాత్రి ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"రేపటి దాకా ఆగేది కాదు సార్. చీటీ మీద రెండు గుర్తులున్నయి. రెండోది కూడా ఆ కాగని నూనెలదే. అది వాళ్ల రెండో విమానానికే ఉంది."

ఆయన ఊపిరి వినిపించింది. బెంచీ మోటారు ఆగాక కూడా ఇనుము చల్లబడుతూ చిటుకు చిటుకుమంటోంది. కింద గేటు దగ్గర స్కూటరు ఒకటి రెండుసార్లు దగ్గి, స్టార్టయి, మల్లాపూర్ వైపు వెళ్లిపోయింది.

"మీరు ఇప్పుడే వాళ్లకు ఫోన్ చేయండి సార్. మీరు చేయకపోతే నేను చేస్త, నంబరు కాగితం మీద ఉంది. రేపు పొద్దున ఆరున్నరకు ఆ విమానం లేవద్దు. దాని గవర్నర్ విప్పి పంపమనండి, నేనే పోయి తెస్త. పదింటికి అందరినీ పిలవండి, మీరన్నట్టే. స్వీట్లు వద్దు. ఉమాపతి సార్‌ను సుత పిలవండి. బెంచీ మీద పెట్టి హీటరు వేస్త. నూనె కాగేదాకా అందరం ఇక్కడే నిలబడాలె సార్, గంట పడ్తది."